ఇంట్లో చేసే సబ్బులు, సున్నిపిండికి షాపు నుంచి పెద్ద ఆర్డర్ వచ్చింది, ఉద్యోగం మానేయొచ్చా?

కోనసీమ కోడలు

అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. రెండేళ్ళుగా ఇంట్లో కొబ్బరినూనె సబ్బులు చేస్తున్నాను, వాటితోపాటు మా అత్తయ్యగారి కొలతలతో సున్నిపిండి, ఈ వేసవి నుంచి కలబంద జెల్. మొదట చుట్టాలకి, తర్వాత నేను పనిచేసే స్కూల్లో టీచర్లకి, వాళ్ళ ద్వారా వాట్సాప్‌లో ముఖపరిచయం లేనివాళ్ళకి కూడా ఇస్తున్నాను. నెలకి 60, 70 సబ్బులు పోతాయి. పోయిన వారం రాజమండ్రిలో ఆర్గానిక్ సరుకులు అమ్మే షాపాయన ఫోన్ చేసి నెలకి 200 సబ్బులు, 20 కిలోల సున్నిపిండి పంపగలవా అమ్మా అని అడిగారు. ఎమ్మార్పీలో 35 శాతం వాళ్ళకి, మిగతా డబ్బు సరుకు అమ్ముడుపోయాక ఇస్తారట. అప్పట్నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు, సంతోషం ఎంత ఉందో టెన్షన్ అంత ఉంది.

నా లెక్క చెప్తాను. 100 గ్రాముల సబ్బుకి నూనెలు, కాస్టిక్ సోడా, డబ్బా, స్టిక్కర్ కలిపి 38 రూపాయలు పడుతోంది, 80కి అమ్ముతున్నాను. స్కూల్లో జీతం 11 వేలు. మానేసి పూర్తిగా ఇదే చేద్దామా అని ఆలోచన, మా ఆయన నీ ఇష్టం అంటున్నారు, అత్తయ్యగారు మాత్రం ధైర్యం చెయ్యమంటున్నారు.

అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. లైసెన్స్ తప్పనిసరా? ఇంట్లో చేసుకునే చిన్నవాళ్ళకి కూడానా? ఇంకొకటి, వర్షాకాలంలో సబ్బుల మీద కాషాయం రంగు చుక్కలు వస్తున్నాయి, పాత నూనె వాసన వస్తోంది, శ్రావణమాసంలో చేసిన 40 సబ్బులు పారేశాను. నా కొలత కిలో నూనెకి కొబ్బరి 600, పప్పు నూనె (నువ్వుల నూనె) 300, ఆముదం 100 గ్రాములు, కాస్టిక్ 150. జెల్‌లో విటమిన్ ఇ, కాస్త వేపరసం తప్ప ఇంకేమీ వెయ్యను, కానీ ఒకావిడ డబ్బాలో మూడో వారానికే నల్లటి బూజు వచ్చింది. సున్నిపిండిలో పెసలు, శనగలు, బియ్యం, కస్తూరి పసుపు, కచ్చూరాలు, బావంచాలు, ఎండు గులాబీ రేకులు. దాని మీద ఇంతవరకు ఎవరూ ఏమీ అనలేదు.

ఏది తోస్తే అది చెప్పండి, తిట్టినా పర్వాలేదు.

నురగ

చెల్లీ, ఉద్యోగం ఇప్పుడే మానేయకు, మీ ఆయనా అత్తయ్యా ఎంత అండగా ఉన్నా సరే. నేను హైదరాబాద్‌లో ఆరేళ్ళుగా సబ్బులే చేస్తున్నాను, మొదటి రెండేళ్ళు నాకు జీతం అంటూ ఏమీ మిగల్లేదు. నీ లెక్కే తీసుకో. 80లో 35 శాతం అంటే 28 షాపుకి పోతే 52, అందులో సరుకు ఖర్చు 38 తీసేస్తే 14. రెండొందల సబ్బులకి 2,800 రూపాయలు. అందులోనే నీ చాకిరీ, కరెంటు, రాజమండ్రికి రవాణా, విరిగినవి, చుక్కలు వచ్చి పారేసినవి. 11 వేల జీతం వదులుకోవడానికి ఇది సరిపోదు. షాపుకి ఇచ్చే సబ్బు ఎమ్మార్పీ 130, 140 దగ్గర ఉంటే తప్ప నువ్వు నిలబడలేవు, ఆ ధరకి పోతుందా లేదా అనేది 30 సబ్బులు పెట్టి చూస్తే తెలుస్తుంది, 200 అక్కర్లేదు.

ఖర్చు తగ్గించుకునే దారి కూడా ఉంది. నువ్వు సబ్బులో వర్జిన్ కొబ్బరినూనె పోస్తున్నావేమో చూసుకో. కాస్టిక్‌తో కలిశాక అది నూనెగా మిగలదు, సబ్బుగా మారిపోతుంది, దాని కమ్మటి వాసన కూడా చాలావరకు పోతుంది. శుభ్రమైన ఎండుకొబ్బరి నూనె చాలు, నురగ అంతే వస్తుంది. మీ ఊరి మార్కెట్టే కొబ్బరికి పేరు మోసింది కదా, మాకు ఇక్కడ దొరకని ధర నీకు దొరుకుతుంది.

ఇక లైసెన్స్. అవును, కావాలి, చిన్నవాళ్ళకి మినహాయింపు లేదు. ఒంటికి రుద్దుకునే సబ్బు, సున్నిపిండి, జెల్ అమ్మకానికి చేస్తే అవన్నీ 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందికి వస్తాయి, ఇప్పుడు నడుస్తున్నవి 2020 కాస్మెటిక్స్ రూల్స్. లైసెన్స్ ఇచ్చేది మీ రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ. అందరం మొదట్లో లైసెన్స్ లేకుండానే చేశాం అని చాలామంది చెప్తారు, నేనూ ఏడాది అలాగే చేశాను, కానీ షాపులో పెట్టాక సంగతి వేరు, తనిఖీకి వచ్చినవాళ్ళు డబ్బా తిప్పి లైసెన్స్ నంబర్ ఎక్కడ అని అడుగుతారు, షాపాయన నీ పేరు చెప్తాడు.

ఇంట్లో వంటగదికి లైసెన్స్ రాదు. తయారీ చోటు నివాసానికి వాడకూడదు, ఇంటి గదులతో కలిసి ఉండకూడదు, గోడలు ఆరడుగుల ఎత్తు వరకు నున్నగా నీళ్ళు పీల్చకుండా ఉండాలి. ఫార్మసీ డిప్లొమా చేసినవాళ్ళో, ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివినవాళ్ళో ఒకరు దగ్గరుండి చేయించాలి. నువ్వు బైపీసీనో ఎంపీసీనో అయితే అది నువ్వే కావొచ్చు. మీ పెరట్లో విడిగా ఒక గది వేసుకునే వీలుంటే అదే మంచిది. లేదంటే లోన్ లైసెన్స్ అని ఉంటుంది. పేరు చూసి బ్యాంకు అప్పు అనుకోకు, ఇప్పటికే లైసెన్స్ ఉన్న ఇంకొకళ్ళ యూనిట్‌లో నీ సరుకు నీ పేరుతో చేసుకోవడానికి ఇచ్చేది. నేను అలాగే మొదలుపెట్టి మూడో ఏడు సొంత గది వేసుకున్నాను.

చుక్కల సంగతి. నీ కొలతకి నూనె మొత్తం సబ్బుగా మారాలంటే సుమారు 162 గ్రాముల కాస్టిక్ పడుతుంది, కొబ్బరికి కిలోకి 183, నువ్వుల నూనెకి 133 చిల్లర, ఆముదానికి 128 చొప్పున వేసుకుని చూడు. నువ్వు 150 వేస్తున్నావు. అంటే దాదాపు 8 శాతం నూనె మారకుండా సబ్బులోనే మిగిలిపోతోంది. చర్మానికి మెత్తగా ఉంటుందని అలా ఉంచుతాం, తప్పు కాదు, కానీ పప్పు నూనె గాలికి త్వరగా పాడయ్యే రకం, పైగా మీది గోదావరి డెల్టా, వర్షాకాలంలో గాల్లో తడి ఎంతుంటుందో నాకంటే నీకే తెలుసు. మిగిలిన ఆ నూనె పాడైతే వచ్చేవే ఆ చుక్కలు. కాస్టిక్ 154, 155 చెయ్యి, పప్పు నూనె 300 నుంచి 150కి దించి ఆ మేరకు ఆలివ్ నూనె వేసి చూడు. నూనెలు మార్చిన ప్రతిసారీ కాస్టిక్ మళ్ళీ లెక్కెయ్యాలి, అంచనాతో వెయ్యకు, ఒక గ్రాము వరకు చూపించే కాటా కొనుక్కో. డ్రైనేజీ పైపులు శుభ్రం చేసే కాస్టిక్ వాడుతుంటే ఈ రోజే ఆపెయ్యి, 98 శాతం స్వచ్ఛత ఉందని కాగితం ఇచ్చేవాళ్ళ దగ్గర కొను. ఆరబెట్టే అరలు ఇనుపవి అయితే వాటి మీద సబ్బు నేరుగా పెట్టకు, ఇనుము తగిలిన చోట ఇంకా త్వరగా పాడవుతుంది. అల్యూమినియం గిన్నె కాస్టిక్ దగ్గరికే రానివ్వకు. నీళ్ళలో కాస్టిక్ వెయ్యాలి, కాస్టిక్ మీద నీళ్ళు పొయ్యకూడదు, ఇవి నీకు తెలిసే ఉంటాయి, పనిలోకి రేపు ఇంకొకరిని పెట్టుకున్నప్పుడు వాళ్ళకి తెలియదు కాబట్టి గోడ మీద రాసి అంటించు.

ఇంకొక్కటి. ఆరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కదా, ఈలోపు నీళ్ళు పోయి సబ్బు తూకం తగ్గుతుంది. కోసినరోజు 100 ఉన్నది అమ్మేనాటికి 88, 90 ఉంటుంది. డబ్బా మీద 100 గ్రాములు అని వేస్తే అది తూనికల శాఖ కేసు. 115 దగ్గర కొయ్యి.

పాత ల్యాబ్ మనిషి

అమ్మా, నేను కాస్మెటిక్ కంపెనీల క్వాలిటీ ల్యాబుల్లో పద్నాలుగేళ్ళు పనిచేశాను. సబ్బు గురించి పైన ఆవిడ చెప్పింది సరిగ్గా ఉంది. నాకు భయం వేసింది మీ జెల్, సున్నిపిండి చూసి.

జెల్ ముందు. విటమిన్ ఇ నూనెలు పాడవకుండా కాస్త ఆపుతుంది, అంతే. బూజునీ బాక్టీరియానీ అది ఆపదు. వేపకి గుణం ఉంది, కాదనను, కానీ మీరు వేసే కాస్త రసం అంత నీళ్ళున్న జెల్‌ని కాపాడలేదు, పైగా వేపరసం కూడా నీళ్ళే, దానితోపాటు ఆకు మీద ఉన్న క్రిములు కూడా లోపలికి వస్తాయి. నల్ల బూజు కంటికి కనిపించింది కాబట్టి ఆవిడ వాడలేదు. కంటికి కనిపించని బాక్టీరియా ఉన్న జెల్‌ని మొటిమ గిల్లుకున్న ముఖానికి రాసుకుంటే? ఇప్పటికే ఇచ్చిన డబ్బాలన్నీ వాడొద్దని ఫోన్ చేసి చెప్పండి, డబ్బులు తిరిగివ్వండి. నీళ్ళున్న ఏ వస్తువుకైనా సరైన ప్రిజర్వేటివ్ కావాలి, ఫినాక్సీఇథనాల్ లాంటిది 1 శాతం మించకుండా, లేదా సోడియం బెంజోయేట్, అది పీహెచ్ (పులుపు, క్షారం ఎంతుందో చెప్పే కొలత) 5 కంటే తక్కువ ఉంటేనే సరిగ్గా పనిచేస్తుంది కాబట్టి పీహెచ్ కొలవాలి. వేసినది డబ్బా మీద రాయండి. నేచురల్ అన్నారు ఇదేంటి అని అడిగినవాళ్ళకి కారణం చెప్తే అర్థం చేసుకుంటారు. ప్రిజర్వేటివ్ వెయ్యడం ఇష్టం లేదంటే జెల్ అమ్మకండి, అది కూడా నిజాయితీగల నిర్ణయమే. సబ్బుకి, పొడికి ఈ బాధ లేదు, పొడి నిజంగా పొడిగా ఉన్నంతవరకు.

ఇప్పుడు బావంచాలు. దయచేసి తీసేయండి. అందులో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది, అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలు రావొచ్చు, తర్వాత నల్లటి మచ్చలు పడి నెలల తరబడి పోవు. బొల్లికి చికిత్సలో సోరాలెన్ వాడేది కూడా ఈ గుణం కోసమే, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులో, కొలిచిన వెలుతురులో.

కోనసీమ కోడలు

జెల్ ఆపేశానండి, ఇప్పుడే ఐదుగురికి ఫోన్ చేశాను, ఇంకా ఏడుగురు ఉన్నారు. ఇద్దరు బాగానే ఉంది కదా అంటున్నారు, అయినా పారేయమన్నాను.

కానీ బావంచాల సంగతి నాకు మింగుడుపడట్లేదు, మా అత్తయ్యగారు, వాళ్ళ అమ్మగారు, ఇంట్లో పిల్లలందరికీ అదే పిండితో పండగపూట నలుగు పెట్టి పెంచారు, ఎవరికీ ఏమీ కాలేదు. పచారీ కొట్లో సున్నిపిండి సామాను అడిగితే బావంచాలు కచ్చూరాలు కలిపే కట్టిస్తారు కదా.

పాత ల్యాబ్ మనిషి

మీ అత్తయ్యగారిది తప్పు కాదమ్మా. ఇంట్లో నలుగు ఎలా పెడతారు? తెల్లవారుజామున, నూనె రాసిన ఒంటికి, రుద్దిన వెంటనే నీళ్ళు పోసి కడిగేస్తారు. పిండిలో బావంచాలు కూడా చిటికెడే ఉంటాయి. మీ దగ్గర కొన్న అమ్మాయి అలా వాడదు. పెరుగులో కలిపి ముఖానికి పట్టించి అరగంట ఉంచుతుంది, పైనుంచి నిమ్మరసం కూడా పిండుతుంది, సరిగ్గా కడక్కుండానే స్కూటీ మీద మే నెల ఎండలో కాలేజీకి వెళ్తుంది. నిమ్మరసంతో కూడా ఎండలో అదే ప్రమాదం. మీరు అమ్మేది ఆ అమ్మాయికి, అత్తయ్యగారి ఇంటికి కాదు. కచ్చూరాలు ఉంచండి, వాసన దాని వల్లే వస్తుంది, బావంచాలు తీసేస్తే పిండి గుణం ఏమీ తగ్గదు.

కస్తూరి పసుపు ఎక్కడ కొంటున్నారో కూడా చూసుకోండి. అసలుది లోపల లేత మీగడ రంగులో, కర్పూరం లాంటి వాసనతో ఉంటుంది, చర్మానికి పసుపు రంగు అంటుకోదు. కొట్లో దొరికే పొడి గాఢమైన పసుపు రంగులో ఉంటే అది వంట పసుపే. పొడి కొనకుండా కొమ్ములు కొని ఆడించుకుంటే కల్తీ భయం తగ్గుతుంది.

గానుగ తమ్ముడు

అక్కా నాది చిన్న డౌట్, నేను పసుపు వేసి సబ్బు చేస్తే ఎర్రగా అయిపోతోంది, తర్వాత మట్టి రంగుకి తిరుగుతోంది, పసుపు కల్తీదా?

నురగ

కాదు తమ్ముడూ, పెళ్ళిలో పారాణి గుర్తు తెచ్చుకో, పసుపులో సున్నం పడితే ఎరుపెక్కుతుంది కదా. సున్నం లాగే కాస్టిక్ కూడా క్షారం. సబ్బు ఆరుతున్నకొద్దీ ఆ ఎరుపు పోతుంది. సబ్బులో మంచి పసుపు రంగు నిలవాలంటే పసుపుతో కుదరదు, ఎర్ర పామాయిల్ కొంచెం కలిపితే బంగారు రంగు వస్తుంది.

హన్మకొండ నుంచి

నేను అరువు గురించే చెప్తాను, నా వ్యాపారం మూతపడింది దానివల్లే. మూడేళ్ళు నడిపాను, సున్నిపిండి, కుంకుడుకాయ పొడి, సబ్బులు. ఎనిమిది షాపుల్లో సరుకు ఉండేది. అందరూ మంచివాళ్ళే, అమ్ముడుపోయాక ఇస్తామన్నారు. అమ్ముడుపోయింది ఎంత, ఎలుక కొరికింది ఎంత, ఎండలో పెట్టి రంగు పోగొట్టింది ఎంత, ఎవరికీ లెక్క లేదు, నేను బస్సెక్కి షాపు షాపుకి తిరిగి అడిగితే మూడు వేలు రావాల్సిన చోట ఎనిమిది వందలు చేతిలో పెట్టేవాళ్ళు. ఒక షాపు ఏకంగా ఎత్తేశారు, నా సరుకు, బాకీ రెండూ పోయాయి. ఆ ఏడు నాకు నూనె కొనడానికి డబ్బు లేక చిట్టీ ఎత్తాను. సరుకు ఇచ్చేటప్పుడే సగం డబ్బు తీసుకో అక్కా, మిగతా సగం 30 రోజుల్లో, తేదీ వేసిన బిల్లు మీద సంతకం పెట్టించుకో. ఒప్పుకోకపోతే వదిలెయ్యి, ఆ షాపు నీది కాదు అనుకో. పరిచయం ఉంది కదా అని మొహమాటపడ్డ ప్రతిచోటా నేను నష్టపోయాను.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. 20 కిలోల సున్నిపిండి అంటే బయట పిండిమరకి ఇస్తావు కదా? నేను ఒకసారి ఇచ్చాను, నా ముందు ఎవరో మిరపకాయలు ఆడించుకుని వెళ్ళారు, మరవాళ్ళు గుప్పెడు బియ్యం వేసి తుడిచామన్నారు. నలుగురు కస్టమర్లకి ముఖం మండింది, ఒక చంటిపిల్లకి కూడా. ఆ పిల్ల తల్లి ఫోన్‌లో ఏడుస్తుంటే విన్న గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. పది కిలోలు వెనక్కి తెప్పించి తగలబెట్టాను. ఆ తర్వాత అప్పు చేసి సొంతంగా చిన్న మర కొన్నాను. నువ్వు కూడా పెద్ద ఆర్డర్ తీసుకునేముందు మర కొను, డబ్బాలూ బ్రాండింగూ తర్వాత.

పీఎంఈజీపీ, అంటే చిన్న యూనిట్ పెట్టుకోవడానికి బ్యాంకు అప్పుతోపాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం, దాని గురించి ఎవరైనా చెప్పే ఉంటారు. పల్లెలో ఆడవాళ్ళకి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, మన వాటా 5 శాతం. కానీ అది కొత్త యూనిట్లకే, ఇప్పటికే నడుస్తున్న యూనిట్‌కి ఇవ్వరు. కాబట్టి గది, మిషన్లు కొనేశాక కాకుండా ముందే అప్లై చెయ్యి. చిన్న పరిశ్రమగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, డబ్బులడిగే వెబ్‌సైట్లకి పోకు.

బోరు నీళ్ళ ఊళ్ళకి అమ్మితే నురగ రావట్లేదని అంటారు, నీది కొబ్బరినూనె సబ్బు కాబట్టి ఉప్పు నీళ్ళలో కూడా నురగ వస్తుంది, ఆ మాట డబ్బా మీద వేసుకో, మా దగ్గర అదే బాగా పనిచేసింది.

నురగ

మిర్చి మర సంగతి చదివి నాకు ఒళ్ళు జలదరించింది. అందుకే ప్రతి బ్యాచ్‌కీ నంబర్ వెయ్యి చెల్లీ, ఏ రోజు ఆడించావు, ఏ పసుపు, ఏ నూనె, ఎవరికి పోయింది, ఒక నోటు పుస్తకం చాలు. నాలుగు కిలోలు వెనక్కి తెప్పించాల్సి వచ్చినప్పుడు నలభై కిలోలు తెప్పించక్కర్లేదు. ఆ బ్యాచ్‌లోంచి ఒక సబ్బు, వంద గ్రాముల పొడి నీ దగ్గరే ఏడాది దాచుకో.

జీఎస్టీ కూడా అడుగుతావని చెప్తున్నా. ఆంధ్రాలో సరుకు అమ్మేవాళ్ళకి ఏడాదికి 40 లక్షల వరకు అక్కర్లేదు, మా తెలంగాణలో 20 లక్షలే. కానీ రాష్ట్రం దాటి ఒక్క సబ్బు బెంగళూరుకి అమ్మినా టర్నోవర్ ఎంతైనా రిజిస్ట్రేషన్ కావాలి. సబ్బు బిళ్ళల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 పోయి 5 శాతం అయింది, అది మనలాంటి వాళ్ళకి పెద్ద ఊరట.

డబ్బా మీద ఆయుర్వేద అనే మాట వెయ్యకు, దానికి ఆయుష్ లైసెన్స్ వేరే ఉంటుంది. మొటిమలు పోతాయి, గజ్జి తగ్గుతుంది అని కూడా వద్దు, అలా రాస్తే అది మందు కిందికి వెళ్తుంది. తెల్లబడతారు అని అసలు రాయకు, అది చట్టం కోసం చెప్పట్లేదు, నల్లగా ఉన్న పిల్లలం ఆ మాట వింటూ పెరిగాం కాబట్టి చెప్తున్నా.

కోనసీమ కోడలు

అందరికీ దండాలండి. రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

జెల్ డబ్బాలు పన్నెండూ వెనక్కి వచ్చేశాయి, డబ్బులిచ్చేశాను. బావంచాల సంగతి అత్తయ్యగారికి ల్యాబ్ బాబాయిగారు చెప్పినట్టే చెప్పాను, పెరుగు, స్కూటీ, ఎండ, అన్నీ. కాసేపు మాట్లాడలేదు. సాయంత్రం ఆవిడే వచ్చి, మన ఇంట్లోవాళ్ళకి మన పిండి ఉంటుంది, అమ్మేదాంట్లో తీసెయ్యి అన్నారు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

స్కూలు మానట్లేదు. షాపాయనతో మాట్లాడాను, ముందు లైసెన్స్ తెచ్చుకుంటాను, అప్పటిదాకా ఆగమన్నాను. ఆయన కోప్పడలేదు, మూడు నెలలైనా పర్వాలేదు, సగం అడ్వాన్సుకి కూడా ఒప్పుకుంటాను అన్నారు. నేను ఇంటర్ బైపీసీ, కెమిస్ట్రీ ఉంది. పెరట్లో కొబ్బరికాయలు పోసుకునే పాత పాక ఉంది, ఇంటికి ఇరవై అడుగుల దూరం, దాన్నే పడగొట్టి గది వేద్దామని మా ఆయన కొలతలు తీస్తున్నారు. పీఎంఈజీపీకి అప్లై చేశాకే పునాది తవ్వుతాం.

ఒక్క సందేహం మిగిలింది. కాస్టిక్ 155 చేసి, పప్పు నూనె 150కి దించి, ఆలివ్ 150 వేసి నిన్న కిలో నూనెతో చేశాను, తెల్లారేసరికి బిళ్ళ మధ్యలో ముదురు రంగు గుండ్రం, అంచులు లేత రంగు. పాడైనట్టా?

నురగ

పాడవలేదు. అచ్చులో మధ్యభాగం బాగా వేడెక్కింది, అంచులు త్వరగా చల్లారాయి, అందుకే రెండు రంగులు. వాడడానికి ఏమీ ఇబ్బంది లేదు. ఈసారి అచ్చు మీద దుప్పటి కప్పి ఒక రోజంతా కదపకుండా ఉంచు, రంగు అంతా ఒకటే వస్తుంది. ఆ బిళ్ళలు ఆరు వారాలు ఆరనిచ్చి, వర్షాకాలం అయ్యేదాకా నాలుగు నీ దగ్గరే పెట్టుకుని చూడు, చుక్కలు వచ్చాయో లేదో ఇక్కడ రాయి.